ఫ్రోజెన్ షోల్డర్: ఇంజెక్షనా, మత్తిచ్చి తిప్పించడమా, ఫిజియోతో ఆగడమా? అమ్మకి షుగరు కూడా ఉంది

ప్రశ్న: బ్రాడీపేట 4వ లైను

నమస్కారం. అమ్మకి 54 ఏళ్లు, షుగరు వచ్చి పదేళ్లు దాటింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతోంది. కిందటి నెల హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 8.6 వచ్చింది. సంక్రాంతి ముందు ఎడమ జబ్బ పైభాగంలో నొప్పి మొదలైంది. దెబ్బ తగల్లేదు, ఎక్కడా పడలేదు. పండగ పనుల వల్లేనని బామ్ రాసుకుంటూ నెట్టుకొచ్చింది. ఇప్పుడు మే నెల. చెయ్యి ముందు నుంచి భుజం ఎత్తు దాటి లేవట్లేదు, పక్కకి ఇంకా తక్కువ. వెనక్కి పెడితే బొటనవేలు పిరుదు దగ్గరే ఆగిపోతోంది. జాకెట్టు వేసుకోవాలన్నా జడ వేసుకోవాలన్నా ఇంకొకరు సాయం పట్టాల్సిందే. ఎడమవైపు ఒత్తిగిల్లి పడుకోలేదు, అర్ధరాత్రి దాటాక సలుపుతో లేచి కూర్చుంటుంది. దండెం మీద చీర అందుకోబోయి చెయ్యి ఒక్కసారి విదిలినట్టయితే చాలు, మోచెయ్యి పట్టుకుని కాసేపు కదలకుండా నిలబడిపోతుంది.

ఎక్స్‌రే నార్మల్. చీటీ మీద 'పీఏ షోల్డర్, ఎడమ' అని రాశారు, అంటే పెరియార్థ్రైటిస్, ఫ్రోజెన్ షోల్డర్‌కే ఇంకో పేరు. గుంటూరు కొత్తపేటలో చూపించిన డాక్టరు గారు కీల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒకటి చేసి ఫిజియోకి పంపుతామన్నారు. విజయవాడలో రెండో అభిప్రాయానికి వెళ్తే, "మత్తిచ్చి తిప్పేస్తే ఒక్కరోజులో చెయ్యి లేస్తుంది" అన్నారు. ఈలోగా ఇంటి దగ్గర ఒక సెంటర్‌లో కరెంటు పెట్టి, చెయ్యి గట్టిగా పైకి గుంజి పంపిస్తున్నారు. గుంజిన రోజు రాత్రి అసలు నిద్ర లేదు. మా పెద్దమ్మ వాళ్లేమో పుత్తూరు కట్టు కట్టించమంటున్నారు.

అడగదలచుకున్నవి ఇవి. గుంజితేనే వదులుతుందా? షుగరున్నవాళ్లకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించవచ్చా? మత్తిచ్చి తిప్పించడం ఇప్పుడే అవసరమా? ఎంఆర్ఐ తీయించాలా? ఇంట్లో ఏ వ్యాయామం ఎంతసేపు చేయించాలి?

జవాబు: ఫిజియోథెరపిస్ట్, సూర్యారావుపేట

ముందు ఆ గుంజించడం ఆపేయండి. మిగతావన్నీ తర్వాత.

మీరు చెప్పిన లక్షణాలన్నీ ఫ్రోజెన్ షోల్డర్ మొదటి దశవి, అంటే నొప్పి దశవే. భుజం కీలు చుట్టూ పల్చటి సంచి ఒకటి ఉంటుంది. చెయ్యి పైకి ఎత్తినప్పుడు సాగడానికి వీలుగా దాని అడుగున మడతలు ఉంటాయి. ఈ జబ్బులో ఆ సంచి మొదట వాచి, ఎర్రబారి, తర్వాత దళసరెక్కి కుంచించుకుపోతుంది. ఉతికాక ముడుచుకుపోయిన జాకెట్టులో చెయ్యి పెట్టినట్టే, ఎముకలు బాగానే ఉన్నా కదలడానికి చోటుండదు. వాపు ఉన్న రోజుల్లో సంచిని బలవంతంగా లాగితే అది ఇంకా రేగుతుంది. రేగిన సంచిని కాపాడుకోవడానికి చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. గుంజిన రోజు రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే. మీ అమ్మగారు ఓర్చుకోలేకపోవడం కాదు, ఆ మాట ఆవిడతో కూడా చెప్పండి. 2004లో నెదర్లాండ్స్‌లో 77 మందిని రెండేళ్లపాటు గమనించారు. నొప్పి హద్దులోనే కదలికలు చేసినవాళ్లలో 89 శాతం మందికి భుజం దాదాపు మామూలు స్థితికి వచ్చింది. నొప్పిని లెక్కచేయకుండా గట్టిగా సాగదీయించుకున్నవాళ్లలో అలా వచ్చింది 63 శాతం మందికే.

దశలు మూడు. నొప్పి దశ రెండు నుంచి తొమ్మిది నెలలు. ఇందులో రాత్రి సలుపు ఎక్కువ, కదలిక మెల్లమెల్లగా తగ్గుతూ వస్తుంది. తర్వాత బిగుసుకున్న దశ, నాలుగు నుంచి పన్నెండు నెలలు. నొప్పి తగ్గుతుంది కానీ చెయ్యి కొయ్యలా ఉంటుంది, కొస దాకా తీసుకెళ్తేనే నొప్పి. చివరిది వదిలే దశ, అది అయిదారు నెలల నుంచి రెండేళ్ల దాకా సాగవచ్చు. షుగరున్నవాళ్లలో అన్నీ నెమ్మదే. ఒక దశలో మేలు చేసే వ్యాయామం ఇంకో దశలో కీడు చేస్తుంది కాబట్టి ఏ సెంటర్‌కి వెళ్లినా "ఇప్పుడు ఏ దశ అనుకుంటున్నారు?" అని అడగండి. దానికి జవాబు చెప్పకుండానే చెయ్యి పట్టుకుంటే ఇంకో చోటు చూసుకోవడం మంచిది.

ఇది నిజంగా ఫ్రోజెన్ షోల్డరేనా అని ఇంట్లోనే కొంతవరకు తేల్చుకోవచ్చు. అమ్మగారిని వెల్లకిలా పడుకోబెట్టి, మోచేతిని నడుముకి ఆనించి 90 డిగ్రీలు మడవండి. మీరు ముంజేతిని పట్టుకుని మెల్లగా బయటికి తిప్పండి. తర్వాత బాగున్న చేతికీ అలాగే చేయండి. బాగున్న చెయ్యి చాలా దూరం వెళ్లి, నొప్పి చెయ్యి అందులో సగం కూడా వెళ్లకుండా గట్టిగా ఆగిపోతే అది ఈ జబ్బు ముద్రే. బయటికి తిరగడమే అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువ తగ్గుతుంది. అలాకాకుండా ఆవిడ సొంతంగా ఎత్తలేకపోయినా, మీరు ఎత్తితే చెయ్యి పూర్తిగా లేస్తోందంటే అది కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ (టెండన్) తెగడమో, మెడ నరం సమస్యో కావచ్చు. దాని దారి వేరు.

ఇప్పుడు ఇంట్లో చేయించవలసినవి. రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కో విడత ఐదు నుంచి పది నిమిషాలు. ఒకేసారి గంట చేయించి చేతులు దులుపుకోవడం పనికిరాదు. ముందు 10 నుంచి 15 నిమిషాలు కాపడం పెట్టండి. షుగరువల్ల స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. అందుకని వేడినీళ్ల బ్యాగుని తువ్వాల్లో రెండు చుట్లు చుట్టి, ముందు మీ చేతికి ఆనించి చూసుకున్నాకే పెట్టండి.

మొదటిది లోలకం. బాగున్న చేతిని బల్ల మీద ఆనించి, నడుము దగ్గర వంగి, నొప్పి చేతిని నేల వైపు వదిలేయాలి. చేతిని తిప్పకూడదు. ఒంటిని మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపితే చెయ్యి దానంతట అది ఊగాలి. టిఫిన్ ప్లేటంత చుట్టు చాలు, ఒకటి రెండు నిమిషాలు. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే చేత్తో నీళ్ల సీసా పట్టుకుని గిరగిరా తిప్పడం. నొప్పి దశలో బరువు వద్దు.

రెండోది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది, కర్రతో బయటికి తోయడం. వెల్లకిలా పడుకోవాలి. నొప్పి చేతి మోచెయ్యి కింద మడిచిన తువ్వాలు పెట్టాలి, లేకపోతే మోచెయ్యి ఒంటి కంటే కిందికి జారి భుజం ముందు భాగం లాగేస్తుంది. మోచెయ్యి నడుముని వదలకూడదు. మూడడుగుల కర్రో, గొడుగో రెండు చేతులతో పట్టుకుని, బాగున్న చేత్తో నొప్పి చేతిని బయటికి నెట్టాలి. లాగుతున్నట్టు తెలిసిన చోట 10 నుంచి 15 సెకన్లు ఆపి వెనక్కి తేవాలి. అలా పది సార్లు. మోచెయ్యి నడుము నుంచి దూరంగా జరిగిందంటే కీలు తిరగడం లేదు, చెయ్యి పక్కకి వెళ్తోందంతే. పక్కన కూర్చుని చూడవలసింది మీరే.

మూడోది బల్ల మీద జార్చడం. డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని అరచేతి కింద మెత్తటి గుడ్డ పెట్టుకుని, ఒంటిని ముందుకి వంచుతూ చేతిని జార్చాలి. చేతి బరువు బల్ల మోస్తుంది కాబట్టి నొప్పి దశలో ఇది గోడ పాకించడం కంటే నయం. గోడ మీద వేళ్లు పాకించేటప్పుడు దాదాపు అందరూ భుజం చెవి వైపు ఎగరేస్తారు. వేళ్లు పైకి వెళ్లినట్టు కనిపిస్తాయి, కీలు మాత్రం ఉన్న చోటే ఉంటుంది.

తలుపుకి గిలక కట్టి తాడు లాగడం, వీపు వెనక తువ్వాలు పట్టి లాగడం ఇప్పుడు వద్దు. రాత్రి సలుపు పోయాక, బిగుతు మాత్రమే మిగిలాక మొదలుపెట్టాలి. వీపు వెనక సాగదీయడం అన్నిటికంటే చివర.

నొప్పికి కొలత పెట్టుకోండి. పదికి మూడు నాలుగు దాటకూడదు, ఆపిన అరగంటలో మొదటి స్థాయికి దిగిపోవాలి. ఆ రాత్రి నిద్ర చెడితే మర్నాడు సంఖ్య సగానికి తగ్గించాలి గానీ పూర్తిగా మానకూడదు. అసలు కదపకుండా ఉంచినా సంచి ఇంకా ముడుచుకుంటుంది. పుత్తూరు కట్టు, స్లింగు వద్దనేది అందుకే. అక్కడ ఎముక విరగలేదు, కదలకుండా బిగించి కట్టాల్సింది ఏమీ లేదు. నూనె మర్దన మెడకీ, భుజం పైకండకీ చేస్తే హాయిగానే ఉంటుంది. మర్దన పేరుతో చెయ్యి మెలిపెట్టనివ్వకండి.

కరెంటు పెట్టడం సంగతి. ఐఎఫ్‌టీ, టెన్స్ లాంటివి కాసేపు నొప్పి తెలియకుండా చేస్తాయి. ఆ కాసేపట్లో వ్యాయామం చేయిస్తే ఉపయోగం. మిషన్ పెట్టి పంపించేస్తే కీలు ఎక్కడిదక్కడే ఉంటుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి ఇవి పెట్టకూడదు.

నిద్ర: కుడివైపు తిరిగి, ఎడమ చెయ్యి మొత్తాన్ని ఒక నిండు దిండు మీద కౌగిలించుకున్నట్టు ఆనించి పడుకోవాలి. వెల్లకిలా అయితే మోచెయ్యి కింద మడత పెట్టిన దుప్పటి ఉండాలి. ఈ ఒక్క మార్పుతో రాత్రి సలుపు ఎంతో కొంత దిగుతుంది. బట్టలు వేసుకునేటప్పుడు నొప్పి చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు ఆఖరున తీయాలి. ముందు హుక్స్ ఉన్న జాకెట్లు, చంక దగ్గర అరంగుళం వదులుగా కుట్టించండి. వంటింట్లో రోజూ వాడే డబ్బాలు పై అర నుంచి నడుము ఎత్తుకి దించండి. దండెం కూడా కిందికి కట్టండి. ఆ చీర అందుకోవడంలో వచ్చే విదిలింపు వ్యాయామంతో వచ్చిన లాభాన్ని పోగొడుతుంది.

జవాబు: ఆర్థోపెడిక్స్, గుంటూరు

ఫిజియో గారు చెప్పినదానికి అడ్డం చెప్పాల్సింది లేదు. వైద్యం ఎంపిక గురించి రాస్తాను.

ఇంజెక్షన్‌కి సరైన సమయం ఇదే. స్టెరాయిడ్ పని వాపు తగ్గించడం. వాపు ఉన్న రోజుల్లో ఇస్తే గుణం కనిపిస్తుంది, ముడుచుకుపోయి మచ్చ కట్టాక ఇస్తే పెద్దగా ఉండదు. ఎక్కువగా వాడేది ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ 40 మి.గ్రా., దాంతో కొంచెం లిగ్నోకెయిన్ (ఆ చోటుని మొద్దుబార్చే మందు). భుజం వెనక నుంచి కీల్లోకి ఇస్తాం. అల్ట్రాసౌండ్ చూస్తూ ఇస్తే సూది కీల్లోనే ఉందన్న నమ్మకం ఉంటుంది. చేసిన రోజూ మర్నాడూ కొందరికి నొప్పి పెరుగుతుంది, ఒకటి రెండు రోజుల్లో దిగుతుంది. మందు పైపైన చర్మం కింద పడితే అక్కడ తెల్లమచ్చో, చిన్న గుంటో పడవచ్చు. కీల్లో చీము పట్టడం చాలా అరుదు, కానీ జ్వరంతో పాటు నొప్పి రోజురోజుకీ పెరుగుతుంటే ఆగకుండా రావాలి.

ఇంజెక్షన్ జబ్బుని నయం చేయదు. మొదటి ఆరు నుంచి పన్నెండు వారాలు నొప్పి తగ్గిస్తుంది. ఆ వ్యవధిలో కదలిక సంపాదించుకోవాలి. చాలామంది నొప్పి తగ్గగానే ఫిజియో మానేస్తారు. మూడు నెలలకి మళ్లీ వచ్చి "ఇంజెక్షన్ పని చేయలేదు" అంటారు. చేసిన రెండు మూడు రోజుల తర్వాత వ్యాయామం మొదలుపెట్టి, ఆ పన్నెండు వారాలూ విడవకుండా చేయించండి.

దీని తర్వాతి మెట్టు హైడ్రోడైలటేషన్. సెలైన్, మత్తుమందు, స్టెరాయిడ్ కలిపి 20 నుంచి 40 మి.లీ. దాకా కీల్లోకి ఎక్కించి సంచిని లోపలి నుంచి ఉబ్బిస్తారు. మామూలు భుజం కీల్లో 15 నుంచి 30 మి.లీ. పడుతుంది, బిగుసుకున్న భుజంలో పది కూడా పట్టదు. ఎక్కించేటప్పుడు ఒత్తిడి బాగా తెలుస్తుంది. ఆస్పత్రిలో పడుకోవాల్సిన పని లేదు, చేసి అదేరోజు పంపిస్తారు. అల్ట్రాసౌండో, ఎక్స్‌రేనో చూస్తూ చేయగలిగిన రేడియాలజిస్టు ఉన్నచోటే చేయించాలి.

మత్తిచ్చి తిప్పడం ఇప్పుడు వద్దని నా అభిప్రాయం, మూడు కారణాలతో. ఒకటి, నొప్పి దశలో సంచిని చింపితే వాపు పెరిగి తిరిగి అతుక్కునే అవకాశం ఎక్కువ. రెండు, షుగరున్నవాళ్లలో దీని ఫలితం మిగతావాళ్లంత బాగుండదు. మూడు, 54 ఏళ్ల స్త్రీలో నెలసరి ఆగాక ఎముక పల్చబడి ఉండవచ్చు. తిప్పేటప్పుడు జబ్బ ఎముక విరగడం, కీలు తప్పడం, టెండన్ తెగడం, నరానికి దెబ్బ తగలడం అరుదే అయినా జరిగేవే. "ఒక్కరోజులో" అన్న మాట సగమే నిజం. ఆపరేషన్ బల్ల మీద చెయ్యి లేస్తుంది. ఆ లేచిన చెయ్యిని నిలబెట్టుకోవడానికి అదేరోజు నుంచి వారాల తరబడి ఫిజియో చేయాల్సిందే.

కీహోల్ ఆపరేషన్‌లో రెండు మూడు చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి, దళసరెక్కిన సంచిని చూస్తూ కోస్తారు. బలంతో చింపడం ఉండదు. కానీ సంచి అడుగు భాగానికి చాలా దగ్గరగా యాక్సిలరీ నరం వెళ్తుంది, అందుకే బాగా చేయి తిరిగినవాళ్లు చేయాలి. 2020లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం 503 మందిలో ఈ మూడింటినీ పోల్చింది: స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కూడిన పన్నెండు విడతల దాకా ఫిజియో, మత్తిచ్చి తిప్పడం, కీహోల్ ఆపరేషన్. ఏడాది తర్వాత రోగికి తేడా తెలిసేంతగా ఏదీ మిగతావాటికంటే మెరుగ్గా లేదు. తీవ్రమైన ఇబ్బందులు మాత్రం కీహోల్‌లోనే ఎక్కువ. అందుకని తక్కువ కోతతో మొదలుపెట్టడమే న్యాయం. ఇంజెక్షన్, పద్ధతి ప్రకారం ఫిజియో కలిపి ఆరునెలల దాకా చేసినా కదలిక రాక, పనులు ఆగిపోతుంటే అప్పుడు ఆపరేషన్ మాట. ఒకవేళ అటు వెళ్లాల్సివస్తే ఇంజెక్షన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య మూడు నెలల ఎడం ఉండేలా చూసుకోండి, దగ్గరగా చేస్తే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.

ఎంఆర్ఐ ఇప్పుడు అక్కర్లేదు. ఎక్స్‌రే నార్మల్‌గా ఉండి, బయటికి తిరగడం తగ్గితే రోగ నిర్ధారణ అయినట్టే. కింద పడ్డాక మొదలైనా, చేతిలో బలం లేకపోయినా, క్యాన్సర్ చరిత్ర ఉన్నా, జ్వరం, బరువు తగ్గడం కనిపించినా అప్పుడు తీయించాలి. దానికి బదులు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. థైరాయిడ్ తేడా ఉన్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ.

ఇంకొకటి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఎడమ భుజం, షుగరు, బీపీ వయసు. మెట్లెక్కినా నడిచినా నొప్పి వచ్చి కూర్చుంటే తగ్గుతోందా? చెమట, ఆయాసం, ఛాతీ బరువు, దవడ నొప్పి తోడవుతున్నాయా? అలా అయితే అది భుజం కాదు, ముందు ఈసీజీ. చెయ్యి కదిపినప్పుడే నొప్పి వస్తే భుజందే.

మాత్రల విషయం. పారాసెటమాల్ రోజుకు 3 గ్రాములు దాటకుండా వాడవచ్చు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి షుగరున్నవాళ్లు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూపించుకోకుండా వారాల తరబడి మింగకూడదు. పేరు లేని పొట్లం మందులు, నొప్పుల పొడులు వద్దే వద్దు. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు, షుగరు ఎందుకు పెరిగిందో కూడా తెలియదు.

ఖర్చు భారమైతే గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఆర్థో ఓపీ, ఫిజియోథెరపీ రెండూ ఉన్నాయి. మంగళగిరి ఎయిమ్స్‌లోనూ చూపించవచ్చు. ఆపరేషన్ దాకా వస్తే ఎన్టీఆర్ వైద్య సేవలో వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలోని వైద్యమిత్ర దగ్గర ముందే అడిగి తెలుసుకోండి.

జవాబు: షుగరు క్లినిక్, పటమట

ఇంజెక్షన్, షుగరు గురించి మాత్రమే చెబుతాను. చేయించవచ్చు, లెక్క తెలిసి చేయించాలి. కీల్లో వేసిన స్టెరాయిడ్ రక్తంలోకి కొంత చేరుతుంది. అదేరోజో మర్నాడో షుగరు పెరగడం మొదలై, కొన్ని రోజుల నుంచి వారం దాకా ఎక్కువగా ఉంటుంది. పరగడుపున కంటే తిన్నాక, ముఖ్యంగా మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా బాగా పెరుగుతుంది. కాబట్టి ఉదయం ఒక్కసారి గుచ్చి చూసి "బాగానే ఉంది" అనుకోవద్దు. గ్లూకోమీటర్‌తో పరగడుపున, మధ్యాహ్నం, రాత్రి భోజనం తర్వాత రెండు గంటలకి, ఇలా వారం రోజులు చూసి కాగితం మీద రాయండి.

ఇంజెక్షన్‌కి ముందే షుగరు డాక్టర్‌తో మాట్లాడి, ఎంత దాటితే ఏ మందు ఎంత పెంచాలో రాయించుకోండి. సొంతంగా గ్లిమిపిరైడ్ పెంచకండి. స్టెరాయిడ్ ప్రభావం దిగిపోయాక పెంచిన మోతాదు అలాగే ఉంటే షుగరు పడిపోతుంది, అది ఇంకా ప్రమాదం. 300 దాటి దిగకపోతే, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు ఉంటే ఆ రోజే వెళ్లండి. ఆ వారంలో పెళ్లి భోజనాలు, మామిడిపండ్లు పక్కన పెట్టండి. మే నెలలో కష్టమే, వారమే కదా. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం మీ అమ్మగారికి వద్దు. ఇంజెక్షన్ కంటే అవి షుగరుని ఎక్కువగా, ఎక్కువ రోజులు పెంచుతాయి.

8.6 కాస్త ఎక్కువే, ఇంజెక్షన్ ఆపేంత కాదు. పరగడుపు షుగరు రోజూ 250 పైన ఉంటే ముందు దాన్ని దించుకుని తర్వాత చేయించండి.

బ్రాడీపేట 4వ లైను

అందరికీ చాలా కృతజ్ఞతలండి. గుంజించడం ఈరోజుతో ఆపేశాం. పడుకోబెట్టి బయటికి తిప్పే పరీక్ష చేస్తే కుడి చెయ్యి దాదాపు 60 డిగ్రీలు వెళ్లింది, ఎడమది 20 దగ్గర గట్టిగా ఆగిపోయింది. నేను ఎత్తినా అంతే. నడిచినప్పుడు నొప్పి, ఆయాసం లేవు.

ఇంకో నాలుగు సందేహాలు. ఇంజెక్షన్ ఎన్నిసార్లు చేయించవచ్చు? మెరుగవుతోందో లేదో ఎలా తెలుస్తుంది? కుడి భుజానికి కూడా వస్తుందా? అమ్మ స్కూటీ మీద స్కూలుకి వెళ్తుంది, సెలవులయ్యాక నడపవచ్చా?

జవాబు: ఆర్థోపెడిక్స్, గుంటూరు

మొదటి ఇంజెక్షన్ ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కొంత గుణం ఇచ్చి మళ్లీ నొప్పి తిరగబెడితే రెండోది ఆలోచిస్తాం. అసలేమీ గుణం లేకపోతే అదే మళ్లీ చేయడం కంటే, సూది కీల్లోకే వెళ్లిందా, రోగ నిర్ధారణ సరైనదేనా అని చూడాలి. మొత్తం మూడు దాటనివ్వకండి.

జవాబు: ఫిజియోథెరపిస్ట్, సూర్యారావుపేట

మీ కొలతలతో అనుమానం తీరినట్టే. కొలవడం రోజూ వద్దు, రోజూ కొలిస్తే తేడా కనిపించక నిరుత్సాహం వస్తుంది. పదిహేను రోజులకోసారి మూడు రాసుకోండి. గోడ పక్కన నిలబెట్టి, భుజం ఎగరేయకుండా వేళ్లు అందిన చోట పెన్సిల్‌తో గీత, పక్కన తేదీ. వెల్లకిలా పడుకుని ముంజెయ్యి బయటికి తిరిగినప్పుడు తల వైపు నుంచి ఫోన్‌లో ఫొటో, ప్రతిసారీ అదే మంచం, అదే దూరం. మూడోది వీపు వెనక బొటనవేలు ఎక్కడిదాకా వెళ్లింది: పిరుదు, చీర కుచ్చిళ్లు దోపే ఎత్తు, నడుము పైన, జాకెట్టు అంచు. వీటితో పాటు రాత్రి ఎన్నిసార్లు లేచారో రాయండి. ముందు తగ్గేది రాత్రి సలుపే. అది తగ్గి రెండు మూడు వారాలైతే గిలకా, గుమ్మం దగ్గర సాగదీయడం మొదలుపెట్టవచ్చు. గుమ్మంలో నిలబడి, మోచెయ్యి నడుముకి ఆనించి మడిచి, అరచేతిని ద్వారబంధానికి పెట్టి, ఒంటిని మెల్లగా అవతలివైపు తిప్పాలి. 20 నుంచి 30 సెకన్లు, ఐదుసార్లు. అప్పుడు లాగుతున్నట్టు బాగా తెలిసినా ఫర్వాలేదు, సలుపు మాత్రం మిగలకూడదు. వీపు వెనక కదలిక ఆఖరున వస్తుంది, దాన్నిబట్టి దిగులు పడొద్దు.

స్కూటీ నొప్పి దశలో వద్దు. హ్యాండిల్ పట్టుకోవడం సమస్య కాదు. గుంతలో పడ్డప్పుడు, ఎదురుగా ఆటో వచ్చి ఒక్కసారిగా హ్యాండిల్ తిప్పాల్సివచ్చినప్పుడు నొప్పి కలుక్కుమని చెయ్యి వదిలేస్తుంది. ఎడమ చేతి బ్రేకు కూడా అటే ఉంది. ఇంటి ముందు బండి స్టాండు వేసి ఉండగా, రెండు వైపులా పూర్తిగా హ్యాండిల్ తిప్పి, బ్రేకు ఒక్కసారి గట్టిగా నొక్కి చూడమనండి. రెండూ నొప్పి లేకుండా చేయగలిగిన రోజునే రోడ్డెక్కాలి. అప్పటిదాకా బస్సులో పై రాడ్డు పట్టుకోకుండా సీటు పిడి పట్టుకోమనండి, అది కూడా కుడిచేత్తో.

అదే భుజానికి మళ్లీ రావడం అరుదు. రెండో భుజానికి మాత్రం, షుగరున్నవాళ్లలో మరీ ముఖ్యంగా, కొన్ని నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో రావచ్చు. అందుకే కుడి చేతికీ ఆ పడుకోబెట్టి తిప్పే పరీక్ష నెలకోసారి చేయండి. ఇప్పుడు 60 ఉందన్నారు కదా, అది 45కి దిగి, జబ్బ పైభాగంలో రాత్రిపూట నొప్పి మొదలైతే బామ్‌తో నెలలు గడపకుండా ఆ వారమే ఆర్థో దగ్గరికి తీసుకెళ్లండి.